అందరి కోడ్, కొందరి చదువు

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్ర – 17వ భాగం

గత భాగంలో అపాచీ, డెబియన్ లాంటి సమాజాలు తమ కట్టుబాట్లను తామే రాసుకున్న తీరు చూశాం. ఆ సమాజాలను అర్థం చేసుకోవడానికి విశ్వవిద్యాలయాల నుంచి ఆర్థికవేత్తలు వచ్చారు, సామాజిక శాస్త్రవేత్తలు వచ్చారు, మానవశాస్త్రం చదివినవారూ వచ్చారు. జీతం లేకుండా ఇంత పని ఎవరు చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు, యజమాని లేని చోట తగవులు ఎలా తీరుతున్నాయి అని అడిగారు. మంచి ప్రశ్నలు అడిగారు, మంచి జవాబులు రాశారు. ఆ జవాబులు మళ్లీ ఆ సమాజాల చేతికి ఎంతవరకు చేరాయన్నదే ఈ భాగం కథ.

పదకొండు రోజుల తేడాతో

1991 ఆగస్టు 14న అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక కంప్యూటర్‌ను కొత్త పనికి పెట్టారు. ఆయన రంగంలో పత్రం జర్నల్‌లో అచ్చయ్యేదాకా ఎవరూ ఆగేవారు కాదు. రాతప్రతి సిద్ధం కాగానే నకళ్లు తీసి తోటివారికి తపాలాలో పంపేవారు. పేరున్న సంస్థల్లోని వారికి ఆ నకళ్లు ముందుగా అందేవి. దూరాన ఉన్నవారికి ఆలస్యంగా అందేవి, కొందరికి అసలే అందేవి కావు. గిన్స్‌పార్గ్ వాటిని ఒకచోట చేర్చి, అడిగిన ప్రతి ఒక్కరికీ ఈమెయిల్‌లో వెళ్లే ఏర్పాటు చేశారు. ఈనాడు ప్రపంచమంతా వాడుకుంటున్న 'ఆర్కైవ్' అలా మొదలైంది.

ఆ తర్వాత పదకొండు రోజులకు, ఆగస్టు 25న, హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి తాను సరదాకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ప్రకటించి, అందులో ఏమేం ఉంటే బాగుంటుందో చెప్పమని తోటివారిని అడిగారు. అదే లినక్స్.

ఈ రెండు పనులకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. కానీ రెంటినీ నడిపించిన నమ్మకం ఒక్కటే. పని పూర్తయ్యేదాకా పెట్టెలో దాచకుండా తోటివారి ముందు పెడితే అది త్వరగా బాగుపడుతుంది, అందరికీ పనికొస్తుంది.

పరిశోధన పత్రాల ప్రచురణ మాత్రం ఆనాటికి వేరే దారిలో చాలా దూరం వెళ్లిపోయింది. పరిశోధకుడికి జీతం విశ్వవిద్యాలయం ఇస్తుంది. ఖర్చు తరచుగా ప్రజాధనం నుంచే వస్తుంది. పత్రాన్ని సమీక్షించే పండితులు డబ్బు తీసుకోరు. అయినా పత్రం అచ్చయ్యే నాటికి కాపీరైట్ ప్రచురణ సంస్థ చేతిలో పడుతుంది. ఆ సంస్థకు గ్రంథాలయాలు ఏటేటా చందా కడితేనే పత్రం చదవడానికి దొరుకుతుంది. చందా లేనివారు ఒక్క పత్రం కోసం 30 డాలర్లు, ఒక్కోసారి అంతకు మించి చెల్లించాలి. సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్ధతిని కాదని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పుట్టిందో, దాదాపు అదే పద్ధతి చదువుల లోకంలో స్థిరపడి ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద పరిశోధన మొదలైంది అలాంటి లోకంలోనే.

మొదటి సోమవారం వచ్చే పత్రిక

1996 మే నెలలో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ వెబ్ సమావేశంలో 'ఫస్ట్ మండే' అనే పత్రిక బయటికొచ్చింది. ఎడ్వర్డ్ వలౌస్కస్, ఎస్తర్ డైసన్, మన ఢిల్లీకి చెందిన రిషబ్ అయ్యర్ ఘోష్ దాన్ని ప్రారంభించారు. పండితుల సమీక్ష ఉన్న పత్రిక అది. ఇంటర్నెట్‌లో మాత్రమే వచ్చేది, ప్రతి నెలా మొదటి సోమవారం వచ్చేది. చదివేవారు డబ్బు కట్టనక్కర్లేదు, రాసేవారూ కట్టనక్కర్లేదు. రచయిత తన కాపీరైట్ వదులుకోనక్కర్లేదు. ఓపెన్ యాక్సెస్ అనే పేరు వాడుకలోకి రావడానికి ఆరేళ్ల ముందే ఆ పని చేసి చూపిన పత్రిక ఇది.

1998 మార్చి సంచికలో రెండు వ్యాసాలు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి ఎరిక్ రేమండ్ రాసిన 'ది కెథీడ్రల్ అండ్ ది బజార్'. దాన్ని ఆయన అంతకు ముందు ఏడాది మే 27న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో జరిగిన లినక్స్ సమావేశంలో చదివారు. అందరికీ అందుబాటులో ఉంచారు కాబట్టి అది నెట్‌స్కేప్ కంపెనీలోని ఇంజినీర్ల చేతికీ చేరింది. 1998 జనవరి 22న నెట్‌స్కేప్ తన బ్రౌజర్ సోర్స్ కోడ్ బయటపెడతానని ప్రకటించింది. ఆ నిర్ణయం వెనక రేమండ్ వాదన ప్రభావం ఉందని కంపెనీవారే చెప్పారు. చందా కట్టినవారికి మాత్రమే దొరికే జర్నల్‌లో ఉండి ఉంటే ఆ వ్యాసం అంత త్వరగా అంత దూరం వెళ్లేది కాదు.

రెండోది రిషబ్ ఘోష్ రాసిన 'కుకింగ్ పాట్ మార్కెట్స్'. ఊరందరూ కలిసి వండుకునే కుండను ఆయన ఉదాహరణగా తీసుకున్నారు. ఒకరు బియ్యం తెస్తారు, ఒకరు కూరగాయలు తెస్తారు, ఉడికాక అందరూ తింటారు. మామూలు కుండలో వంట తరిగిపోతుంది. ఇంటర్నెట్‌లో ఒకరు తీసుకున్నంత మాత్రాన మరొకరికి తగ్గదు. అందుకే ఒక వస్తువు వేసిన మనిషికి వందమంది వేసినవన్నీ దక్కుతాయి, ఇవ్వడం నష్టం కాదు అని ఆయన ఆర్థికశాస్త్రం భాషలో నిరూపించే ప్రయత్నం చేశారు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంతలా అందరి చేతుల మీదుగా తయారవుతుందన్న రేమండ్ మాటను అందరూ ఒప్పుకోలేదు. 1999 అక్టోబరులో అదే పత్రికలో నికొలాయ్ బెజ్‌రుకోవ్ గట్టి విమర్శ రాశారు. సంతలో అందరూ సమానమనే చిత్రం వాస్తవం కాదని, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమాజాల్లోనూ పెద్దరికం, పోటీ, అలసట ఉన్నాయని, ఈ పనికి అసలు పోలిక విద్యా పరిశోధనేనని ఆయన వాదించారు. రేమండ్ మరుసటి నెలే జవాబిచ్చారు. ప్రోగ్రామర్లు ఆ విమర్శనూ చదివారు, జవాబునూ చదివారు. తమ గురించి జరుగుతున్న తర్కాన్ని తామే చదివి తేల్చుకునే అవకాశం ఒక సమాజానికి దొరికింది. ఈ చరిత్రలో ఆ చర్చ విలువ అక్కడుంది.

2000 జూలైలో రిషబ్ ఘోష్, విపుల్ వేద్ ప్రకాశ్ కలిసి 'ఆర్బిటెన్' సర్వే ఫలితాలు అదే పత్రికలో వేశారు. వేలాది ప్రోగ్రాముల సోర్స్ కోడ్‌లో ఉన్న రచయితల పేర్లను కంప్యూటర్‌తో లెక్కకట్టారు. పైనున్న పది శాతం మంది 70 శాతానికి పైగా కోడ్ రాశారని తేలింది. సంతలో అందరూ సమానమన్న మాటను బెజ్‌రుకోవ్ వాదనతో కాదంటే, వీరు అంకెతో కాదన్నారు.

అపాచీ గురించి ఒక పత్రం

2000 జూన్‌లో ఐర్లండ్‌లోని లిమరిక్ పట్టణంలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అంతర్జాతీయ సమావేశం జరిగింది. ఆడ్రిస్ మోకస్, రాయ్ ఫీల్డింగ్, జేమ్స్ హెర్బ్‌స్లెబ్ అక్కడ అపాచీ వెబ్ సర్వర్ మీద పత్రం సమర్పించారు. ఫీల్డింగ్ అపాచీ స్థాపకుల్లో ఒకరు. అంటే పరిశీలించేవారిలో పరిశీలనకు గురైనవారూ ఉన్నారు.

వారికి సమాచారం ఎక్కడి నుంచి వచ్చింది? అపాచీ సభ్యుల ఈమెయిల్ చర్చలు, ప్రతి మార్పునూ నమోదు చేసే రికార్డు, లోపాల చిట్టా, అన్నీ బహిరంగంగానే ఉన్నాయి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. ఆ రికార్డును జల్లెడ పట్టి వారు చూపిన సంగతి ఇది: దాదాపు 400 మంది కోడ్ ఇచ్చినా, కొత్త కోడ్‌లో 80 శాతానికి పైగా అందరికన్నా ఎక్కువ రాసిన 15 మంది చేతుల మీదుగానే వచ్చింది. లోపాలు సరిదిద్దే పనిలో మాత్రం చాలామంది చేతులు పడ్డాయి. లోపాలను కనిపెట్టి తెలియజేసినవారు ఇంకా ఎక్కువమంది. చిన్న కేంద్రం, దాని చుట్టూ పెద్ద వలయం, ఆ వలయం చుట్టూ మరింత పెద్ద వలయం. ఆ తర్వాత ఈ రంగంలో వచ్చిన ఎన్నో అధ్యయనాలకు ఈ చిత్రమే పునాది అయింది.

ఆ పత్రం మాత్రం కంప్యూటర్ శాస్త్రవేత్తల సంఘం ఏసీఎం డిజిటల్ లైబ్రరీలో చందాదారుల వరుసలో చేరింది. 2002లో మొజిల్లాను కూడా కలిపి రాసిన విస్తృత రూపం అదే సంఘం జర్నల్‌లో వచ్చి, అదీ అక్కడికే చేరింది. అపాచీ కోడ్ ఎవరైనా దించుకోవచ్చు. అపాచీ వారు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకున్నారో ఎవరైనా చదవొచ్చు. ఆ కోడ్‌నూ ఆ మాటలనూ ఆధారం చేసుకుని తేల్చిన విషయం చదవాలంటే మాత్రం చాలా ఏళ్లు ప్రచురణకర్త గడప దగ్గర డబ్బు కట్టాల్సి వచ్చేది.

బుడాపెస్ట్‌లో ఒక నిర్ణయం

ఈ పరిస్థితి అన్ని శాస్త్రాలదీ. 2001 డిసెంబరులో ఓపెన్ సొసైటీ ఇన్‌స్టిట్యూట్ పిలుపు మీద కొందరు శాస్త్రవేత్తలు, గ్రంథాలయ నిపుణులు, సంపాదకులు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో కలిశారు. 2002 ఫిబ్రవరి 14న వారి ప్రకటన వెలువడింది. ఓపెన్ యాక్సెస్ అన్న పేరు ఆ ప్రకటనతోనే స్థిరపడింది. పరిశోధన పత్రాన్ని ఎవరైనా చదవొచ్చు, దించుకోవచ్చు, నకలు తీయొచ్చు, పంచొచ్చు, వెతకొచ్చు. రచయిత పేరు చెప్పాలి, రచన రూపాన్ని చెడగొట్టకూడదు. కాపీరైట్‌కు మిగిలే పని అంతే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అయిన జీపీఎల్ చదివినవారికి ఈ ఆలోచన ఎంత దగ్గరిదో వెంటనే తెలుస్తుంది.

అక్కడికి చేరే దారులు రెండని ఆ ప్రకటన చెప్పింది. రచయిత తన పత్రం నకలును అందరికీ కనిపించే భాండాగారంలో ఉంచడం ఒకటి. జర్నల్ మొత్తాన్నే ఉచితంగా నడపడం రెండోది. రెండు దారులకూ పనిముట్లు కావాలి, ఆ పనిముట్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గానే వచ్చాయి. భాండాగారాల కోసం 2000లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం 'ఈప్రింట్స్' విడుదల చేసింది. 2002లో ఎంఐటీ, హ్యూలెట్ ప్యాకార్డ్ కలిసి 'డీస్పేస్' తెచ్చాయి. జర్నల్ నడపడానికి జాన్ విలిన్‌స్కీ బృందం కెనడాలో 'ఓపెన్ జర్నల్ సిస్టమ్స్' తయారుచేసింది. ఫస్ట్ మండే కూడా తర్వాత దాని మీదికే మారింది.

మన దేశానికి ఈ పనిముట్లు త్వరగానే వచ్చాయి. బెంగళూరులోని ఐఐఎస్సీ 2002లోనే ఈప్రింట్స్ మీద తన భాండాగారం తెరిచింది. హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ 2009లో తన శాస్త్రవేత్తలు పత్రాలన్నీ అందరికీ అందుబాటులో ఉంచాలని నియమం పెట్టుకుంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద అక్కడ జరిగిన పరిశోధన ఈప్రింట్స్ సాయంతోనే ప్రపంచానికి అందుతోంది. విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలను చేర్చే 'శోధ్‌గంగ' నడిచేది డీస్పేస్ మీద. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఈనాడు ఇంట్లో కూర్చుని చదవగలుగుతున్నామంటే, దాని వెనక ఊరూ పేరూ తెలియని ఎందరో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రచయితల శ్రమ ఉంది. అన్ని శాస్త్రాల తలుపులూ తెరిచే తాళంచెవి చేసిపెట్టినవారికి తమ గురించిన శాస్త్రం మాత్రం తాళం వేసి ఉండటం న్యాయం కాదు.

ఒక నివేదిక, ఒక ప్రత్యేక సంచిక

2002, 2003 సంవత్సరాల్లో వచ్చిన రెండు రచనలను పక్కపక్కన పెడితే ఈ తేడా బాగా తెలుస్తుంది.

మొదటిది 'ఫ్లాస్' నివేదిక. యూరోపియన్ కమిషన్ డబ్బుతో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం సంస్థ, బెర్లిన్‌లోని బెర్లెకాన్ సంస్థ కలిసి చేసిన అధ్యయనం ఇది. రిషబ్ ఘోష్ ఇందులోనూ ముఖ్యులు. 2,784 మంది ప్రోగ్రామర్లు ప్రశ్నలకు జవాబిచ్చారు. సగటు వయసు 27. ఈ పనిలోకి ఎందుకు వచ్చారని అడిగితే దాదాపు 79 శాతం మంది కొత్త నైపుణ్యాలు నేర్చుకోవడానికి అన్నారు, సగం మంది తమకు తెలిసింది పంచడానికి అన్నారు. డబ్బు కోసం వచ్చామన్నవారు తక్కువ. జవాబిచ్చినవారిలో మహిళలు 1.1 శాతం.

2002లో ఆ నివేదిక పూర్తిగా, ఉచితంగా అందరి ముందుకు వచ్చింది. 1.1 శాతం అన్న అంకెను సమాజాలు చదివాయి, సమావేశాల్లో చెప్పుకున్నాయి, వాదించుకున్నాయి. 2004లో డెబియన్‌లో మహిళల ప్రవేశం కోసం 'డెబియన్ విమెన్' బృందం ఏర్పడింది. 2006లో యూరప్‌లో మరో అధ్యయనం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో మహిళలు ఒకటిన్నర శాతం, మామూలు సాఫ్ట్‌వేర్ రంగంలో 28 శాతం అని చూపింది. అంటే లోపం కంప్యూటర్ చదువులో మాత్రమే లేదు, ఈ సమాజాల లోపల కూడా ఉంది. అదే ఏడాది గ్నోమ్ ప్రాజెక్టుకు వేసవి శిక్షణ కోసం 181 దరఖాస్తులు వస్తే ఒక్కటీ మహిళ నుంచి రాలేదు. గ్నోమ్ వెంటనే మహిళల కోసం ప్రత్యేక వేసవి కార్యక్రమం పెట్టింది. దానికి వందమంది దరఖాస్తు చేశారు. తర్వాత అదే 'అవుట్రీచీ'గా ఎదిగి ఎన్నో ప్రాజెక్టులకు విస్తరించింది. ఈ మార్పు ఒక్క నివేదిక వల్లే వచ్చిందని ఎవరూ అనలేరు. తమ స్థితి ఏమిటో చెప్పే అంకె చేతిలో ఉంటే మాత్రం సమాజం దాని మీద పని చేయగలదు.

రెండోది 2003 జూలైలో వచ్చిన 'రీసెర్చ్ పాలసీ' జర్నల్ ప్రత్యేక సంచిక. ఎల్సెవియర్ ప్రచురణ. ఎరిక్ ఫాన్ హిపెల్, గెయార్గ్ ఫాన్ క్రో సంపాదకులు. ఈ రంగంలో ఆణిముత్యాలు అనదగ్గ పత్రాలు అందులో ఉన్నాయి. లినక్స్ కెర్నల్‌కు కోడ్ ఇచ్చిన 141 మంది ప్రేరణలను ఒక పత్రం విశ్లేషించింది. కొత్తవారు ఫ్రీనెట్ ప్రాజెక్టులోకి ఎలా అడుగుపెట్టారో ఒకటి చూపింది. అపాచీ వాడేవారి సందేహాలకు తోటివారు ఉచితంగా ఎందుకు జవాబిస్తున్నారో కరీం లఖానీ, ఫాన్ హిపెల్ వివరించారు. సాయం చేసేవారి సమయం దాదాపు అంతా తమకు పనికొచ్చే సంగతులు చదవడంలోనే గడుస్తోంది. తెలిసిన జవాబు రాయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. అందుకే ఈ ఏర్పాటు ఎవరి త్యాగం మీదా ఆధారపడకుండా నిలబడుతోంది.

ప్రతి స్వచ్ఛంద సంస్థకూ, ప్రతి ప్రాజెక్టు నిర్వాహకుడికీ పనికొచ్చే జ్ఞానం ఇది. దాని అధికారిక ప్రతి చందాదారులకే దొరికింది. పరిశోధకులకు ఈ లోటు తెలియక కాదు. ఎంఐటీలో ఈ రంగం పత్రాల ముందుప్రతులను ఉచితంగా ఉంచే ఉమ్మడి భాండాగారం ఒకటి కొన్నేళ్లు నడిచింది. కట్టడానికి డబ్బు లేక ప్రచురణకర్త గడప దగ్గర ఆగిపోయినవారికి అది ఎంతో మేలు చేసింది. అయితే అలాంటివి కొద్దిమంది ఓపిక మీద నడుస్తాయి. వారు వేరే పనుల్లో పడితే మూతపడతాయి, ఇదీ మూతపడింది. చందా లేని ప్రచురణ ఒక వ్యక్తి మంచితనంగా కాక ఒక సంస్థ బాధ్యతగా ఉండాలని ఈ అనుభవం చెబుతోంది.

సమాచారం కూడా పంచుకోవాలి

పత్రం ఒక్కటే దొరికితే చాలదు. అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడగలిగితేనే మరొకరు సరిచూడగలరు. ఆ రోజుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు ఎక్కువగా సోర్స్‌ఫోర్జ్ మీద ఉండేవి. ప్రతి పరిశోధక బృందమూ విడివిడిగా అక్కడి సమాచారం సేకరించేది, పత్రం రాశాక దాన్ని పక్కన పడేసేది. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం సోర్స్‌ఫోర్జ్ నుంచి నేరుగా సమాచారం తెచ్చి భద్రపరిచింది గానీ, ఒప్పందం మీద సంతకం పెట్టిన విద్యా పరిశోధకులకే దాన్ని ఇచ్చింది.

2004లో జేమ్స్ హోవిసన్, మేగన్ కాంక్లిన్, కెవిన్ క్రౌస్టన్ మరో దారి పట్టారు. 'ఫ్లాస్‌మోల్' పేరుతో సమాచారాన్ని సేకరించి, సేకరించిన ప్రోగ్రాములతో సహా అందరికీ విడుదల చేశారు. తాము ఎవరి గురించి పరిశోధిస్తున్నారో వారి పద్ధతినే తమ పరిశోధనకూ తీసుకున్నారు. 2016లో ఫ్రాన్స్‌లో ఇన్రియా సంస్థ ఆధ్వర్యంలో రొబెర్టో డి కాస్మో, స్టెఫానో జాకిరోలి ప్రారంభించిన 'సాఫ్ట్‌వేర్ హెరిటేజ్' లోకంలోని సోర్స్ కోడ్ అంతటినీ భద్రపరిచే పనికి పూనుకుంది. జాకిరోలి అంతకు ముందు డెబియన్ ప్రాజెక్టుకు ఎన్నికైన నాయకుడు. ఈ సమాజాల లోపలివారే పరిశోధకులయ్యే తరం వచ్చేసిందని ఆయన ప్రయాణం చూస్తే తెలుస్తుంది.

పుస్తకాల దారి

జర్నళ్ల కన్నా పుస్తకాలు ముందు కదిలాయి. 2005లో ఎంఐటీ ప్రెస్ వేసిన ఫాన్ హిపెల్ పుస్తకం 'డెమోక్రటైజింగ్ ఇన్నొవేషన్', 2006లో యేల్ వేసిన యోహై బెంక్లర్ పుస్తకం 'ది వెల్త్ ఆఫ్ నెట్‌వర్క్స్' అచ్చు ప్రతితో పాటు ఉచితంగా కూడా వచ్చాయి.

2008లో మానవశాస్త్రవేత్త క్రిస్టఫర్ కెల్టీ 'టూ బిట్స్' రాశారు. డ్యూక్ విశ్వవిద్యాలయం ప్రచురణ. బోస్టన్, బెర్లిన్, మన బెంగళూరు, ఈ మూడు చోట్లా తిరిగి, ప్రోగ్రామర్లతో గడిపి రాసిన పుస్తకం అది. మాట్లాడుకోవడానికి వేదికను కూడా తామే కట్టుకుని, తామే మరమ్మతు చేసుకునే ప్రజాసమూహం ఇది అని ఆయన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమాజాన్ని వర్ణించారు. మొత్తం పుస్తకాన్ని ఉచితంగా చదవడానికే కాదు, మార్చి వాడుకోవడానికీ అనుమతించారు. ఆయన అక్కడితో ఆగలేదు. 2013 జూలై 24న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పది ప్రాంగణాల అధ్యాపకులు తమ పత్రాల ప్రతిని అందరికీ అందుబాటులో ఉంచాలని తీర్మానించినప్పుడు, ఆ తీర్మానాన్ని నడిపించిన అధ్యాపక సంఘానికి అధ్యక్షుడు కెల్టీయే. అంతకు ముందు 2009లో ఎంఐటీ అధ్యాపకుల తీర్మానాన్ని తయారుచేసిన సంఘానికి అధ్యక్షుడు హాల్ ఏబెల్సన్. ఆయన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తొలి డైరెక్టర్లలో ఒకరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నేర్పిన పాఠం ఇలా మనుషుల ద్వారానే విశ్వవిద్యాలయాల్లోకి నడిచింది.

డెబియన్ మధ్య ఏళ్ల తరబడి గడిపిన గాబ్రియెలా కోల్‌మన్ పుస్తకం 'కోడింగ్ ఫ్రీడమ్' 2013లో ప్రిన్స్‌టన్ వేసింది. దాన్నీ ఉచితంగా చదవొచ్చు. అయితే ఆ లైసెన్స్ వ్యాపారానికీ మార్పులకూ అనుమతి ఇవ్వదు. డెబియన్ 1997లో రాసుకున్న సూత్రాల ప్రకారం అలాంటి లైసెన్స్ ఉన్న ప్రోగ్రామ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. ఆ పుస్తకాన్ని తెలుగులోకి తేవాలంటే మళ్లీ అనుమతి అడగాలి. చదివే స్వేచ్ఛ ఒక మెట్టు, అనువదించి పంచే స్వేచ్ఛ ఆ పై మెట్టు. మన భాషల వారికి ఆ పై మెట్టు ముఖ్యం.

2021 ఏప్రిల్

పరిశోధకులకూ సమాజానికీ మధ్య నమ్మకం ఎంత సున్నితమైనదో 2021లో తెలిసింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు లినక్స్ కెర్నల్‌కు ఉద్దేశపూర్వకంగా లోపాలున్న మార్పులు పంపి, నిర్వాహకులు కనిపెడతారా లేదా అని పరీక్షించారు. ఆ విషయం నిర్వాహకులకు ముందుగా చెప్పలేదు. సంగతి బయటపడ్డాక కెర్నల్ నిర్వాహకుల్లో ఒకరైన గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే మార్పులేవీ తీసుకోబోమని ప్రకటించారు. పరిశోధకులు క్షమాపణ చెప్పి, పేరున్న సమావేశానికి ఎంపికైన తమ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. వారి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన వందలాది పాత మార్పులను కెర్నల్ వారు మళ్లీ తనిఖీ చేశారు. అత్యధికం సవ్యంగానే ఉన్నాయి.

ఆ పత్రం ప్రతి నెట్‌లో దొరికింది. అందుకే కెర్నల్ నిర్వాహకులు దాన్ని చదివి, తమ రికార్డుతో సరిపోల్చుకుని, ఏం జరిగిందో తేల్చుకోగలిగారు. తమ మీద జరిగిన ప్రయోగాన్ని తాము చదవలేకపోతే ఆ సమాజం తనను తాను ఎలా కాపాడుకుంటుంది? ఓపెన్ యాక్సెస్ చదువరుల సౌకర్యం కోసమే అనుకునేవారు ఈ కోణం కూడా చూడాలి. పరిశీలనకు గురయ్యేవారికి అది రక్షణ.

ఎవరికి అందింది, ఎవరికి మిగిలింది

గత పదేళ్లలో చాలా గోడలు కూలాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పరిశోధకుల వార్షిక సమావేశం 2005లో జెనోవాలో మొదలైంది. దాని పత్రాల సంపుటాలను స్ప్రింగర్ అమ్మేది. 2017లో బ్యూనోస్ ఐరిస్ సమావేశం సంపుటం మొత్తం ఉచితంగా వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఏసీఎం 1951 నుంచి 2000 దాకా తాను వేసిన లక్షకు పైగా పత్రాలను అందరికీ తెరిచింది. లిమరిక్ నాటి అపాచీ పత్రం ఆ కాలంలోనిదే. ప్రచురణకర్త గడప దాటడానికి దానికి 22 ఏళ్లు పట్టింది. 2026 జనవరి నుంచి ఏసీఎం ప్రచురణలన్నీ ఓపెన్ యాక్సెస్ అయ్యాయి.

ఇందులో ఒక చిక్కు ఉంది. చాలా జర్నళ్లు చదువరి మీద భారం తీసి రచయిత మీద పెట్టాయి. 2003లో 'ప్లాస్ బయాలజీ' మొదలైనప్పుడే రచయిత రుసుము 1,500 డాలర్లు. విశ్వవిద్యాలయం కడితే సరే, కట్టేవారు లేని పరిశోధకుడు ఏం చేయాలి? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి లోపలి నుంచి రాయగలవారిలో చాలామందికి ఏ విశ్వవిద్యాలయమూ లేదు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకుండా ఫస్ట్ మండే ఇన్నేళ్లుగా నడుస్తోంది కాబట్టి, అది అసాధ్యమైన కోరిక కాదు.

మన దేశం వేరే దారి ఎంచుకుంది. 2024 నవంబరులో కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కట్టి, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందిస్తున్నారు. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ప్రభుత్వ కళాశాలలో చదివే విద్యార్థికి ఇది పెద్ద వరం, అందులో సందేహం లేదు. కానీ ఆ సంస్థల బయట ఉన్నవారి సంగతి? పగలు ఉద్యోగం చేసి రాత్రి లిబ్రేఆఫీస్‌ను తెలుగులోకి తెచ్చే స్వచ్ఛంద కార్యకర్తకు, ఏదో చిన్న కంపెనీలో ఉంటూ డెబియన్‌లో ఒక ప్యాకేజీ చూసుకునే అమ్మాయికి ఆ పథకంలో చోటు లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నడిచేది ఎక్కువగా ఇలాంటివారి చేతుల మీదే. పరిశోధన చేసేదీ వారి మీదే.

అందుకే చందా ఎంత పెద్దదైనా ఈ సమస్యకు జవాబు కాదు. స్వేచ్ఛగా ఇచ్చిన దాని మీద నిర్మించిన జ్ఞానం స్వేచ్ఛగానే తిరిగి రావాలి. జీపీఎల్ కోడ్ విషయంలో 1989 నుంచీ చెబుతున్నది ఇదే. పరిశోధన విషయంలో దాన్ని చట్టం విధించదు కాబట్టి అలవాటు విధించాలి. దానికి కొత్త ఉద్యమం అక్కర్లేదు. చాలామంది ప్రచురణకర్తలు సమీక్ష పూర్తయిన రాతప్రతిని రచయిత తన సంస్థ భాండాగారంలో ఉంచుకోవడానికి ఒప్పుకుంటున్నారు. ఆ హక్కు వాడుకోవడానికి రచయితకు పట్టేది అరగంట. ఇక సమాజాల వైపు నుంచి ఒక్క ప్రశ్న చాలు. ఎవరైనా పరిశోధకులు ప్రశ్నావళి పట్టుకుని వస్తే, జవాబులు ఇచ్చే ముందు అడగండి: మీరు రాసింది మేమంతా చదవగలమా, మా భాషలోకి తెచ్చుకోగలమా? అవునన్నవారికి మనసారా సమయం ఇవ్వండి. ఇంకా ఆలోచించుకోలేదన్నవారికి ఫస్ట్ మండే, ఫ్లాస్‌మోల్, 'టూ బిట్స్' ఉదాహరణలు చెప్పండి.

(వచ్చే భాగం: భారతీయ భాషల తెరలు – గ్నోమ్, కేడీఈలలో మన లిపులు చేరిన తొలి రోజులు)